ఇంటి నీటి గొట్టములు – చలికాలపు జాగ్రత్తలు

మన భాషలో 'మంచు' అనునది ఒకే మాట. మార్గశిర మాసపు తెల్లవారుజామున ఉద్దానపు కొబ్బరితోటలపై తెరవలె వ్రేలాడు పొగమంచును ఆ మాటతోనే పిలుతుము. హిమాలయములపై గడ్డకట్టి యుండు హిమమును ఆ మాటతోనే పిలుతుము. మన మంచు ప్రొద్దెక్కగానే విడిపోవును. దానివలన నీటి గొట్టములకు ఏ కీడును లేదు. చలిదేశముల మంచు అట్టిది కాదు. అది గోడలోని ఇనుప గొట్టమును సైతము చీల్చివేయగలదు.

ఆ సంగతి మనకెందుకని శ్రోతలు అడుగవచ్చును. అందుకు రెండు కారణములున్నవి. ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతముల నుండి ఎందరో యువకులు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా విదేశములకు పోవుచున్నారు. మరికొందరి బిడ్డలు చదువులకును, ఉద్యోగములకును పోయి అమెరికా, కెనడా వంటి దేశములలో కాపురములు పెట్టియున్నారు. వారికి ఇది అక్కరకు వచ్చు విషయము. ఇది మొదటి కారణము. రెండవది ఇంతకంటె ముఖ్యమైనది. పగిలిన గొట్టములనుండి చలిదేశములవారు నేర్చుకొన్న పాఠమొకటి కలదు. గొట్టములో నీరు ఎన్నడును గడ్డకట్టని మన పలాస, టెక్కలి, ఉద్దానపు గ్రామములకు ఆ పాఠము మరింత గట్టిగా వర్తించుచున్నది.

ముందుగా, మంచు గొట్టమును ఎట్లు పగులగొట్టునో చూతము. చల్లబడిన వస్తువు కుంచించుకొనుట సామాన్యధర్మము. నీరును 4 సెంటీగ్రేడు డిగ్రీల వరకు అట్లే కుంచించుకొనును. అంతకంటె చల్లబడినచో అది తిరిగి వ్యాకోచింప నారంభించును. సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టునప్పుడు దాని పరిమాణము నూటికి తొమ్మిది వంతుల మేర పెరుగును. మంచుగడ్డ నీటిపై తేలుటకు కారణమిదియే.

గడ్డకట్టిన చోటనే గొట్టము పగులునని మనమనుకొందుము. తరచుగా అది నిజము కాదు. మంచుగడ్డ గొట్టములో బిరడావలె అడ్డుపడి, తనకును మూసియున్న కొళాయికిని నడుమ చిక్కిన నీటిని నెట్టుచుండును. నీరు నొక్కినంత మాత్రమున తగ్గిపోవు పదార్థము కాదు. ఒత్తిడి పెరిగి పెరిగి, బలహీనమైన చోట గొట్టము చీలును. అందుచేతనే తీవ్రమైన చలిరాత్రి కొళాయిని సన్నని ధారగా కారనిమ్మని అక్కడివారు చెప్పుదురు. కారుచున్న కొళాయి లోపలి ఒత్తిడికి దారి యిచ్చును. వెలుపలి గోడలలోను, ఇంటికప్పు క్రిందను ఉన్న గొట్టములకు మెత్తని తొడుగు చుట్టుట, ఊరికి పోవునప్పుడు ప్రధానపు వాల్వు మూసి గొట్టములలోని నీటిని ఖాళీచేయుట తక్కిన జాగ్రత్తలు. ఒకవేళ గొట్టము గడ్డకట్టినచో, కొళాయి తెరచి యుంచి, ఆ కొళాయి వైపునుండి మొదలుపెట్టి వేడినీటిలో ముంచిన గుడ్డలతోనో, జుట్టు ఆరబెట్టు యంత్రముతోనో మెల్లగా వెచ్చజేయవలెను. మంటను దగ్గరకు తీసికొనిపోరాదు. గొట్టము చీలినదని తోచినచో ముందుగా ప్రధానపు వాల్వు మూయవలెను; మంచు కరగిన పిమ్మటనే చీలిక నీరు చిమ్ముట మొదలుపెట్టును.

ఇక పాఠము సంగతి. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమును గొప్ప హిమపాతము ముంచెత్తినది. అది వెచ్చని రాష్ట్రము. అక్కడి ఇండ్లు ఎండను ఆపుటకు కట్టినవే గాని గడ్డకట్టు చలిని తట్టుటకు కట్టినవి కావు. విద్యుత్తు ఆగిపోయి ఇండ్లు చల్లబడినవి. మన తెలుగు కుటుంబములు వేలాదిగా నివసించు డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగర ప్రాంతములలో సైతము గొట్టములు పగిలినవి. ఒకవైపు పగిలిన గొట్టములనుండి నీరు పోవుచుండెను. మరొకవైపు విద్యుత్తు లేక నీటి కేంద్రములు కుంటువడెను. ఊరి గొట్టములలో ఒత్తిడి పడిపోయినది. అప్పుడు అధికారులు ఇచ్చిన ఆజ్ఞ ఏమనగా, నీటిని మరగించియే త్రాగవలెనని. కోటిమందికి పైగా ప్రజలకు ఆ ఆజ్ఞ వర్తించినది.

నీటిని శుద్ధిచేయు కేంద్రమునుండి మంచినీరే బయలుదేరుచుండగా, మరగించుమనుట యెందుకు? పాఠమంతయు ఇందులోనే యున్నది. గొట్టము నిండుగా, ఒత్తిడితో నీరు పారుచున్నంతకాలము చిన్న చీలిక ద్వారా లోపలి నీరు బయటికి పోవునే గాని బయటి నీరు లోపలికి రాజాలదు. ఒత్తిడి పడిపోయిన మరుక్షణము ఆ చీలికయే ద్వారమగును. గొట్టము చుట్టునున్న తడిమట్టి, మురుగు, దానిలోని సూక్ష్మజీవులు లోపల ప్రవేశించును. అనగా గొట్టములోని నీటికి కాపలా కాయుచున్నది ఒత్తిడియే.

టెక్సాస్ నగరములలో అది ఎన్నడో ఒకనాడు జరిగిన ఉపద్రవము. మన అనేక గ్రామములలో అది నిత్యకృత్యము. కొళాయి నీరు వేళకు వచ్చి వేళకు ఆగిపోవును. ఆగిన ప్రతిసారి గొట్టము ఖాళీ యగును, కాపలా తొలగిపోవును. కనుక మన గొట్టములో చీలిక యున్నచో, చలిదేశమువాని గొట్టముకంటె అది మనకెక్కువ అపాయకరము.

ఉద్దానమునకు ఈ మాట ఎందుకింత ముఖ్యమో ఇక్కడివారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఏండ్ల తరబడి ఈ తీరమును మూత్రపిండముల వ్యాధి పీడించుచున్నది. దానికి కారణమిదియేనని శాస్త్రజ్ఞులు ఇంకను నిర్ణయింపలేదు. నీరే కారణమని తేల్చి చెప్పుట సాహసమగును. అయినను మంచినీటి కొఱత తీర్చుట మొదటి అవసరమని అందరును అంగీకరించిరి. వంశధార నీటిని హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా తెచ్చి 807 జనావాసములకు అందించుటకై సుమారు 700 కోట్ల రూపాయలతో చేపట్టిన ఉద్దానపు మంచినీటి పథకము 2023 డిసెంబరు 14వ తేదీన ప్రారంభమైనది. అదే దినమున పలాసలో మూత్రపిండముల వ్యాధికి 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి.

అంత దూరమునుండి, అంత వ్యయముతో వచ్చిన నీరు వీధి గొట్టమును విడిచి మన ప్రహరీగోడ దాటిన తరువాత పదిగజముల దూరము మన గొట్టములో ప్రయాణము చేయును. ఆ పదిగజములకు ఏ ఇంజనీరును కాపలా లేడు. దానికి బాధ్యుడు ఇంటి యజమానియే.

ఉద్దానములోని ఒక గ్రామమున నేనొక ఇంటికి పోయితిని. ఆ ఇంటి ముసలమ్మగారు కొళాయి వద్ద రెండు బిందెలు వేరుగా పెట్టియుండెను. "ముందు రెండు బిందెలూ ఎర్రగా వస్తాయి బాబూ, తరవాత తేటబడతాయి" అని ఆమె చెప్పినది. ఆమె కుమారుడు వారమునకు రెండుసార్లు డయాలిసిస్ కొఱకు పలాస పోయి వచ్చుచుండెను. వీధి కొళాయిలో నీరు మొదటినుండియు తేటగనే వచ్చుచున్నది. ఎఱుపు ఆ ఇంటిలో మాత్రమే. వెదకి చూడగా, వారి గొట్టము మురుగుకాలువను దాటు చోట ఒక అతుకు విడిపోయి యుండెను. ఎవరో దానికి సైకిలు ట్యూబు చుట్టి కట్టిరి. నీరు వచ్చువేళ అక్కడ చిన్న బుడగలు లేచుచుండెను. నీరు ఆగినవేళ ఆ బుడగలు లేచిన చోటనుండియే కాలువనీరు లోపలికి పోవుచుండెను. ఆ రెండు బిందెల ఎఱుపు అదియే.

మూత్రపిండములు బలహీనమైనవారికి విరేచనములు చిన్న జబ్బు కాదు. ఒంటిలోని నీరు హరించుకొనిపోయినచో ఉన్న కొద్దిపాటి శక్తియు దెబ్బతినవచ్చును. అందుచే అట్టి రోగి యున్న ఇంటిలో గొట్టపు అతుకు మందుసీసాతో సమానముగా చూచుకొనవలసిన వస్తువు.

మన గొట్టములకు చలి శత్రువు కాదు. మరి శత్రువులెవ్వరు? మొదటిది ఎండ. తెల్లని, బూడిదరంగు పి.వి.సి. గొట్టములు ఏండ్ల తరబడి ఎండలో నున్నచో పైన సున్నమువలె పొడి రాలుచు, పెళుసుబారును. అట్టి గొట్టము చిన్న దెబ్బకే చిట్లును. ఎండ తగులు గొట్టమునకు నీటితో కలుపు లేతరంగు గోడరంగు పూసినచో, లేక గోనెగుడ్డ చుట్టినచో చాలవరకు రక్షణ కలుగును. రెండవది సముద్రపు ఉప్పుగాలి. దానికి తుప్పుపట్టునవి జి.ఐ. గొట్టములు, ముఖ్యముగా మరలు కోసిన అతుకులు. తీరపు గ్రామములలో వీటిని ఏటేట చూచి, తుప్పు పొరలుగా లేచినవానిని మార్చవలెను. మూడవది తుపాను.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచినది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగినవి. కూలిన చెట్టు వేళ్లతో సహా లేచునప్పుడు దాని మొదట పాతిన గొట్టమును కూడ పెకలించును. విద్యుత్తు అనేక దినములు లేకపోవుటచే పంపులు ఆగినవి. గొట్టములు ఖాళీగా పడియుండెను. నేల యంతయు వరదనీటితో నాని యుండ, గొట్టములు ఖాళీగా నుండుటకంటె కీడైన స్థితి వేరొకటి లేదు. మనకు తుపానుల కాలము ముఖ్యముగా అక్టోబరునుండి డిసెంబరు వరకు. కనుక చలిదేశములవారు హిమపాతమునకు ముందు గొట్టములు చూచుకొనునట్లు, మనము దసరా లోపల చూచుకొనుట మంచిది.

చూడవలసినవి ఇవి. గొట్టము కొబ్బరిచెట్టు మొదటినుండి దూరముగా పోవుచున్నదా? మూరెడు లోతున పాతబడియున్నదా, లేక మట్టి కొట్టుకొనిపోయి పైకి తేలినదా? బండ్లు, ట్రాక్టర్లు నడచు చోట దానికి ఇనుప గొట్టపు తొడుగున్నదా? అన్నిటికంటె ముఖ్యముగా, మురుగుకాలువలో మునిగి పోవుచున్నదా? అట్లున్నచో దానిని కాలువకు పైగా ఎత్తి దాటించవలెను. కాలువలో గాని, కాలువకు ఆనుకొని గాని అతుకు ఉండనే రాదు.

ఇసుకనేలలో ఒక చిక్కున్నది. కారిన నీరు పైకి ఉబికి రాక లోపలికే ఇంకిపోవును. అందుచే కారుచున్నట్లు ఎవరికిని తెలియదు. దానిని కనుగొనుటకు ఒక ఉపాయము. రాత్రి పడుకొనబోవునప్పుడు అన్ని కొళాయిలను కట్టి, మేడపైని ట్యాంకులో నీరెంతవరకు ఉన్నదో బొగ్గుతో గీత గీయుడు. ఉదయము నీరు గీతకు క్రిందుగా ఉన్నచో ఎక్కడనో కారుచున్నదన్న మాట. నిమిషమునకు ఒక్క గ్లాసు, అనగా 200 మిల్లీలీటర్లు, కారినచో రోజు తిరుగుసరికి 288 లీటర్లగును. జల్ జీవన్ మిషను క్రింద ఒక్కొక్కరికి రోజుకు ఇవ్వదలచినది 55 లీటర్లు. మన ఇంటి చిన్న చీలిక ఐదుగురి నీటిని నేలపాలు చేయునన్న మాట. వీధినుండి వచ్చు గొట్టమునకైతే, నీరు వచ్చువేళ పొడవైన ఇనుపకడ్డీ ఒక కొనను గొట్టముపై నుంచి, రెండవ కొనకు చెవి ఆనించి వినుడు. కొళాయిలన్నియు కట్టియుండగా 'స్‌స్' మను చప్పుడు వినిపించినచో ఆ దగ్గరనే చీలిక యున్నది.

ఇక బాగుచేయు విధానము. ప్రతి ఇంటి గొట్టమునకును వీధినుండి లోపలికి వచ్చు చోట ఒక గేటు వాల్వు ఉండవలెను. లేనిచో ముందు దానిని పెట్టించుడు. ఆ వాల్వు మూసి, క్రింది కొళాయి తెరచి గొట్టమును ఖాళీచేయవలెను. చీలికకు ఇరువైపుల మంచి గొట్టము వచ్చువరకు హాక్సా బ్లేడుతో వంకర లేకుండ కోయవలెను. పి.వి.సి. చీలిక కంటికి కనబడు దానికంటె కొంత పొడవుగా పాకియుండును. పొదుపు చేసినచో మరల అక్కడనే చిట్లును. కోసిన అంచును ఆకురాయితో నునుపుచేసి, పొడిగుడ్డతో తుడిచి, గొట్టమునకును కప్లింగునకును సొల్యూషను పలుచగా పూసి, లోపలి అంచు తగులువరకు నెట్టి పావువంతు త్రిప్పి అరనిమిషము కదలక పట్టుకొనవలెను. తడిగా నున్న గొట్టమునకు సొల్యూషను అంటదు. గొట్టము అటునిటు కదలుటకు వీలులేని చోట యూనియను అను విడదీయగల అతుకును వేయించుడు. అతికిన వెంటనే నీరు వదలరాదు; డబ్బాపై వ్రాసిన గడువు వరకు, వీలైనచో ఒక రాత్రి, ఆరనీయవలెను. ఇనుప మరలకు టెఫ్లాను టేపును మర బిగియు దిక్కునకే చుట్టవలెను. ఎదురుదిక్కున చుట్టినచో బిగించునప్పుడు ఊడివచ్చును. ఈ సామగ్రి యంతయు కాశీబుగ్గ, టెక్కలి బజారులలో దొరకును.

సైకిలు ట్యూబు కట్టు ఒకపూట అక్కరకు వచ్చునే గాని శాశ్వతము కాదు. నీటిని బయటికి పోనీయకుండ అది కొంత ఆపవచ్చును. మురుగును లోపలికి రానీయకుండ ఆపునన్న నమ్మకము లేదు.

మన అలవాటులలో మార్చుకొనవలసినవి రెండున్నవి. కొళాయికి తగిలించిన రబ్బరు గొట్టపు కొనను తొట్టి నీటిలో ముంచి వదలరాదు. నీరు ఆగినప్పుడు తొట్టిలోని నీరు వెనుకకు పీల్చుకొని ఊరి గొట్టములో చేరును. కొన నీటికి బెత్తెడు పైగా ఉండవలెను. రెండవది, వీధి గొట్టమునకు నేరుగా మోటారు బిగించుట. మోటారు నీటినే గాక, దారిలోని ప్రతి చీలికనుండియు మురుగును కూడ పీల్చును. ప్రక్క ఇంటివారి కొళాయిని ఎండగట్టును. నీటిని ముందు సంపులో పట్టుకొని, ఆ సంపునుండి మోటారుతో పైకి ఎక్కించుటయే సరియైన పద్ధతి.

గొట్టము బాగుచేసిన తరువాతను, తుపాను వెలిసిన తరువాతను మొదటి నీటిని చెట్లకు విడువుడు. ట్యాంకును కడిగి, 500 లీటర్లకు 100 గ్రాముల మంచి బ్లీచింగు పొడిని ఒక బకెట్టు నీటిలో కలిపి, తేరిన నీటిని మాత్రము నిండు ట్యాంకులో పోయవలెను. కొళాయిలన్నిటిని ఒకసారి తెరచి, ఆ వాసన వచ్చిన పిమ్మట కట్టి, ఒక రాత్రి ఉంచవలెను. ఆ నీరు త్రాగుటకును వంటకును పనికిరాదు. ఉదయము దానినంతయు పారబోసి, వాసన పోవువరకు మంచినీటితో కడుగవలెను. గొట్టముపై అనుమానము తీరువరకు త్రాగునీటిని సలసల కాగనిచ్చి, అట్లు ఒక నిమిషము మరగించి, మూతపెట్టి చల్లార్చుకొనుడు. మరగించుటవలన సూక్ష్మజీవులు చచ్చును గాని నీటిలో కరగిన లవణములు పోవని మాత్రము గుర్తుంచుకొనవలెను. మూత్రపిండముల వ్యాధిగ్రస్తులు ఎంత నీరు త్రాగవలెనో వైద్యుడు చెప్పినట్లే నడచుకొనవలెను.

నేను చెప్పిన ఆ ఇంటిలో, మురుగుకాలువలోని గొట్టమును ఎత్తి, అతుకు లేని క్రొత్త గొట్టముతో కాలువను దాటించిరి. పని రెండుగంటలలో ముగిసినది. మూడవనాడు మొదటి బిందె కూడ తేటగనే వచ్చినది. అయినను ముసలమ్మగారు ఆ మొదటి బిందెను కొబ్బరిమొక్క మొదటనే పోసిరి. ఆ అలవాటు మంచిదే. దానిని మానవలదని చెప్పితిని.